ఒక్క ముడత లేకుండా

పెద్ద దుప్పటి మడవడానికి ఇద్దరు మనుషులు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడవాలి. బిగించి ఒక్కసారి విదిలించాలి. తర్వాత ముందుకు నడిచి కొసలు కలపాలి. ఆసుపత్రి లాండ్రీలో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉంది. అందులో పంతొమ్మిదేళ్ళు ఎదురుగా ఉన్నది పొడుగక్క.

పొడుగక్క పేరుకు తగ్గ మనిషి. ఆమె పొడుగక్క భుజం దాకా వచ్చేది, అంతే. "పొట్టిదానా, చేతులు పైకెత్తవే, నీ వైపు దుప్పటి నేల ఊడుస్తోంది" అని రోజుకి ఇరవైసార్లు తిట్టించుకునేది. దుప్పటికొకసారి ఇద్దరూ దగ్గరికొచ్చేవాళ్ళు. ఆ కొసలు కలిపే క్షణంలోనే ఒక మాట. మాట సగంలో తెగితే మిగతా సగం తర్వాతి దుప్పటికి. పొడుగక్క కోడలు అలిగి పుట్టింటికెళ్ళిన కథ మొత్తం వినడానికి పదకొండు దుప్పట్లు పట్టింది.

రెండేళ్ళ కిందట పొడుగక్క రిటైరయింది. ఆవిడ బదులు మనిషిని పెట్టలేదు, మిషను పెట్టారు. ఇప్పుడు ఆమె పని దుప్పటి కొసలు మిషను పళ్ళకి అందించడం. లోపల వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పటి పోయి, అటువైపు నాలుగు మడతలై బయటికొస్తుంది. అటువైపు ఎవరూ ఉండరు, చక్రాల బండి ఉంటుంది. కొస వంకరగా పెడితే మిషను కుయ్యిమంటుంది. దాని మాట అంతే.

ఈ నెలాఖరుకి ఆమెకీ రిటైర్మెంటు. పాతికేళ్ళు దాటి పనిచేసినవాళ్ళు వెళ్ళిపోయే ముందు ఇంట్లో ఒకరి పేరు రాసివ్వచ్చు. ఆ మనిషిని అదే పనిలోకి, పర్మనెంటుగా తీసుకుంటారు. దానికో ఫారం ఉంది. వారసులు ఒక చోట, రిటైరయ్యేవాళ్ళు ఒక చోట సంతకం పెట్టాలి. ఆఖరి రోజు శుక్రవారం. ఆ ఫారం రెండు వారాలుగా వంటగది గోడ మీద, గడియారం వెనక దోపి ఉంది.

ఆమెకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు రెండు ముద్దలు తిని లేచిపోయేదని పిట్ట అన్నారు. ఇరవై ఆరేళ్ళొచ్చినా పిట్టే. మూడేళ్ళు ఒక ఫోన్ల కంపెనీలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బిల్లు ఎక్కువొచ్చిందని తిట్టేవాళ్ళ తిట్లు వింది. ఎనిమిది నెలల కిందట ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చి, "మానేశానమ్మా" అంది, గొడుగు మర్చిపోయానని చెప్పినట్టు. అప్పట్నించీ నాటకాల తెరలకి, దుస్తులకి బట్ట తయారుచేసే ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకుంటోంది. ఆవిడని టీచరమ్మ అంటుంది. టీచరమ్మ ఇచ్చేది రానూపోనూ బస్సుకి సరిపోతుంది.

సోమవారం సాయంత్రం ఆమె అన్నం ముందు కూర్చుని గడియారం వైపు చూసింది.

"ఏమే, ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది."

"ఎక్కడికి పోతుందమ్మా, దానికేమన్నా కాళ్ళున్నాయా?"

"దానికి లేవు. రోజులకున్నాయి. శుక్రవారం అయిదింటికి మూసేస్తారు."

పిట్ట కంచంలో మెతుకులు ఒకచోటికి తోసింది. "గురువారం నాటకం వాళ్ళు టీచరమ్మ దగ్గరికొస్తున్నారు. నా బట్ట ఒకటి, ఇంకో అమ్మాయిది ఒకటి చూస్తారు. నాది నచ్చితే పెద్ద తెర పని నాకే. అప్పుడు జీతానికి తీసుకుంటానంది."

"నచ్చకపోతే?"

"శుక్రవారం వచ్చి నీ మిషను ముందు నిలబడతా. ఆరునూరైనా సరే. ఇంకేం కావాలి?"

"ఆ మిషను అంటే అంత ఎగతాళి అక్కర్లేదు. నీ ఫీజులు కట్టింది అదే."

"అప్పుడు మిషను ఎక్కడిదమ్మా? కట్టింది నువ్వూ, పొడుగు పెద్దమ్మా."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టు కనక నీళ్ళు తాగింది.

"ఇష్టమైన పని, ఇష్టమైన పని. మీ నాన్నా ఇదే పాట. బోర్డులు రాసేవాడు కదా, నచ్చిన బోర్డు వస్తేనే రాసేవాడు. చెప్పుల కొట్టు బోర్డు తన స్థాయికి తక్కువన్నాడు. మందుల కొట్టువాడు అక్షరాలు లావుగా కావాలన్నాడని వదిలేశాడు. పోయేటప్పటికి ఇంట్లో రంగు డబ్బాలే మిగిలాయి, అవీ ఎండిపోయి."

"నాన్న సంగతి నాన్నది."

"పనికి మనం నచ్చాలే. మనకి పని నచ్చడమేంటి?"

పిట్ట లేచింది. కంచం తీసుకెళ్ళి కడిగి, తన గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఉన్నవి రెండు గదులూ ఒక వంటిల్లు. పిట్ట గదిలో ఏం చేస్తోందో ఆమెకి సరిగ్గా తెలియదు. మూడు వారాల కిందట ఒకసారి తలుపు తోసి చూస్తే ఒళ్ళో తెల్లగుడ్డ, దాన్నిండా దారాలు పొడుచుకొచ్చి ముళ్ళపందిలా ఉంది. "ఇదేంటే?" అంటే "అయ్యాక చూపిస్తా" అంది. రంగులద్దడానికి కడుతున్న ముడులనుకుంది ఆమె. మళ్ళీ అడగలేదు. తెల్లారి అయిదున్నరకి షిఫ్టుకి వెళ్ళేది, వచ్చేసరికి మూడున్నర, ఎనిమిదింటికల్లా నిద్ర. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి భుజం ఒకరికి తగలకుండా తిరగడం ఇద్దరికీ అలవాటైపోయింది.

బుధవారం ఆమె ఇంటికొచ్చేసరికి పిట్ట లేదు. బట్ట పెట్టుకెళ్ళడానికి అట్టపెట్టె కొనుక్కొస్తానని ఫోన్లో రాసి పంపింది. గది తలుపు తెరిచే ఉంది.

మంచం మీద తువ్వాలు పరిచి ఉంది. దాని మీద తెల్లగుడ్డ, తాడులా మెలితిప్పి రెండు కొసలూ దారంతో కట్టి ఉంది. ఆమె ముట్టుకుని చూసింది. ఇంకా కాస్త తడి.

"ఉతికి పిండి ఇలాగే పడేసిందా!" అనుకుంది. రేపు నలుగురికీ చూపించాల్సిన బట్ట. రంగు ఇంకా లేకపోయినా దారాలన్నీ తీసేసింది, అంటే కట్టే పని అయిపోయినట్టే. విప్పి చూస్తే ఐదు మీటర్లుంది. అంగుళం వదలకుండా ముడతలు. అసలే కొత్తవాళ్ళు, బట్ట చూసే మనిషిని అంచనా కడతారు. ఫోన్ల కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు కూడా ఈ పిల్ల నలిగిన చొక్కా వేసుకుని బయల్దేరితే, గుమ్మం దగ్గర ఆపి విప్పించి తనే ఇస్త్రీ చేసిచ్చింది.

ఎనిమిది నెలల్లో పిట్ట పనికి తను చేసింది సాధింపులే. ఇవాళ చెయ్యగలిగింది ఒకటి కనిపించింది.

భోజనాల బల్ల మీద కంబళి పరిచి, దాని మీద పాత దుప్పటి పరిచింది. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక తడివేలు ఆనించి చుయ్యిమన్న శబ్దం విన్నది. సన్నటి నూలు, దీనికి ఎంత వేడి పడుతుందో వేలికి తెలుసు. గ్లాసులో నీళ్ళు ముంచి చేత్తో చిలకరించింది. అంచు నుంచి మొదలుపెట్టింది. అంచు లాగకూడదు, లాగితే బట్ట నడుం వంగినట్టు వంగుతుంది. అంచు సర్దాక మధ్యకి రావాలి. ఒక చోట రెండోసారి తిప్పకూడదు, మెరుపొస్తుంది. లాండ్రీలో ఇవన్నీ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. మిషనుకి దుప్పటీ ఒకటే, దిండు గలీబూ ఒకటే.

మూడు మీటర్లు అయ్యాయి. నాలుగో మీటరు ముందుకు లాక్కుంటూ ఆమె ఒక్కక్షణం ఆగింది. ముడతలు మరీ సమంగా ఉన్నాయి. వర్షపు నీరు ఇసుక మీద గీసినట్టు, పక్కపక్కన, ఒకదాన్ని ఒకటి తగలకుండా. పిండితే ఇంత సమంగా పడవే అన్న ఆలోచన ఒకటి వచ్చింది. వచ్చింది, కానీ చెయ్యి మళ్ళీ కదిలింది. వేడి పెట్టె చేతిలో ఉన్నప్పుడు ఆగితే బట్ట మాడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెయ్యి నేర్చుకున్నది అదే.

అయ్యాక ఒక్కతే మడిచింది. ఎదురుగా మనిషి లేనప్పుడు ఒక కొస అలమర పిడికి తగిలించి తను వెనక్కి నడవాలి. నాలుగు మూలలూ గోటి మందం తేడా లేకుండా కలిశాయి. బల్ల మధ్యలో పెట్టి ఒకసారి దూరంగా నిలబడి చూసుకుంది. పొడుగక్క ఉంటే "పొట్టిదానా, ఇది దుప్పటా, కాగితమా?" అనేది. తర్వాత రెండు కప్పుల టీ పెట్టింది.

అయిదింటికి పిట్ట పొడుగాటి అట్టపెట్టె చంకలో పెట్టుకుని వచ్చింది. మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగుంది. నేరుగా గదిలోకెళ్ళి, వెంటనే బయటికొచ్చింది.

"అమ్మా, నా బట్టేది?"

"బల్ల మీద."

"ఎక్కడ?"

"కళ్ళెదురుగా పెట్టుకుని ఎక్కడంటావేంటే!"

పిట్ట బల్ల వైపు చూసింది. మడిచిన తెల్లగుడ్డని చూసి, దాని పక్కన చూసి, బల్ల కిందికి వంగి చూసింది. మళ్ళీ గుడ్డ దగ్గరికి వచ్చింది. ఒక మడత విప్పింది. ఇంకోటి విప్పింది. మూడోది విప్పలేదు.

"తడిగుడ్డ చుట్టి పడేశావు. రేపు నలుగురిలోకి తీసుకెళ్ళేది. ఇప్పుడు చూడు, ఒక్క ముడత లేదు."

పిట్ట కుర్చీలో కూర్చుంది. ఖాళీ అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుంది, ఎవరో పట్టుకోమన్నట్టు.

"ఏమయిందే?"

"ఆ ముడతలేనమ్మా నేను చేసింది."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. పిట్ట ఏడుపు లేని గొంతుతో చెప్పింది, లాండ్రీలో కొత్తగా చేరినవాళ్ళకి పని చెప్పినట్టు. బియ్యపు గింజంత దూరంలో కుట్టు. ఒక వరస పక్కన ఇంకో వరస. అన్నీ కుట్టాక దారాలు ఒకేసారి లాగి, బిగించి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, దారాలు తియ్యాలి. ముడత నిలవడానికి మెలితిప్పి ఉంచాలి. దీపం పడితే ఆ ముడతల నీడలే తెర మీద బొమ్మ. ఇరవై రెండు రోజులు.

"మళ్ళీ తడిపి..." అందామె. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందని తనకే తెలిసింది.

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా బట్ట సంగతి? అన్నీ ఒకేలా ఉన్నాయని కనిపించలేదా? పిండితే అలా వస్తాయా?"

ఆమె విప్పిన మడత మూల సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"శుక్రవారం కోసమేనా?"

"చ, ఏం మాటే అది!" అంది. కానీ అనాల్సిన దానికంటే ఒక్క క్షణం ఆలస్యంగా అంది. ఆ క్షణాన్ని పిట్ట చూసింది. లేచి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. బల్ల మీద రెండు కప్పుల టీ మీగడ కట్టింది.

గురువారం ఆమె లాండ్రీకి ఫోన్ చేసి సెలవు చెప్పింది. పిట్ట గోడ వైపు తిరిగి పడుకునే ఉంది.  ఆమె బట్టని సంచిలో పెట్టుకుని, టీచరమ్మ చిరునామా ఉన్న పాత కవరు పట్టుకుని బయల్దేరింది. రెండు బస్సులు మారాలి. ఈ దారిన కూతురు ఎనిమిది నెలలుగా వెళ్ళొస్తోంది, తనకి మాత్రం ఇదే మొదటిసారి.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన మూడో అంతస్తు. తలుపు తీయగానే ఆవిరి వాసన, లాండ్రీ వాసనే, కాకపోతే మందు వాసన లేదు. పొడుగాటి బల్లలు, దారపు కండెలు. కిటికీ దగ్గర ఒక బట్ట వేలాడుతోంది. గాలికి కొద్దిగా కదిలినప్పుడల్లా దాని మీద వెలుగు ఒక ముడత లోంచి ఇంకో ముడతలోకి జారుతోంది. ఊపిరి తీస్తున్నట్టుంది. ఆమె సంచి రెండు చేతుల్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తను చెరిపింది ఏంటో అప్పుడు చూసింది.

"ఎవరు కావాలమ్మా?" అన్నారు. డెబ్బై దాటిన మనిషి. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది.

"పిట్ట వాళ్ళ అమ్మనండి."

"పిట్ట? ఓ... తనా! రాలేదేం? పదకొండింటికి వాళ్ళొచ్చేస్తారు."

"తప్పు నాదండి. దానిది కాదు." ఆమె సంచిలోంచి బట్ట తీసి బల్ల మీద పెట్టింది. జరిగిందీ, నెలాఖరుకి తను రిటైరవడమూ చెప్పింది. నాలుగో మీటరు దగ్గర ఆగిన సంగతి చెప్పలేదు.

టీచరమ్మ కోప్పడలేదు.  బట్ట విప్పి కళ్ళజోడు పెట్టుకున్నారు. కిటికీ వెలుగుకి ఎదురుగా, కంటికి సమంగా పట్టుకుని చూశారు. వేలితో అంచు పొడవునా తడిమారు.

"అంచు ఎక్కడా లాగలేదు. మెరుపు లేదు. మామూలు పెట్టెతోనా?"

"ఇంట్లో పెట్టేనండి."

"ముడతలు పడాలంటే ముందు బట్ట ఇలా ఉండాలి. ముగ్గురున్నారు నా దగ్గర, ఒక్కళ్ళకీ చేత కాదు." ఆవిడ నవ్వారో నిట్టూర్చారో తెలియలేదు. "మీ అమ్మాయి పనిని ఇంత శుభ్రంగా తుడిచెయ్యాలంటే ఇంకెవరి వల్లా కాదమ్మా. మీరే కావాలి."

"దాని సంగతి చెప్పండి."

"ఇవాళ రెండో అమ్మాయిది చూపిస్తాను. చేతిలో ఉన్నది అదే. ఇలాంటి పని మళ్ళీ ఎప్పుడొస్తుందంటే ఆర్నెల్లు పట్టచ్చు, ఏడాది పట్టచ్చు. మీకు అబద్ధం చెప్పి పంపించలేను. మీ అమ్మాయి చెయ్యి మంచిది. మంచి చెయ్యి ఉన్నవాళ్ళందరికీ జీతమిచ్చే స్తోమత నాకు లేదు."

ఆమె బట్ట మడవబోయింది. టీచరమ్మ అనుకోకుండా అవతలి కొసలు పట్టుకున్నారు. ఇద్దరూ వెనక్కి నడిచి, విదిలించి, ముందుకొచ్చి కొసలు కలిపారు. దగ్గరికొచ్చినప్పుడు టీచరమ్మ అడిగారు, "నెలాఖరుకి ఖాళీ అన్నారు కదా, పొద్దున పూట వచ్చి మా బట్టలు సిద్ధం చేసిపెడతారా? పెద్ద జీతం కాదు గానీ, జీతమే ఇస్తాను."

"నేను దాని కోసం వచ్చానండి."

"తెలుసు. అడిగితే తప్పేముంది, అడిగాను."

మెట్లు దిగుతుంటే ఆమె మొహం వెచ్చగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఇది ఎవరు చేశారని ఒక్క దుప్పటి గురించి కూడా ఎవరూ అడగలేదు. జనం వాటి మీద పడుకున్నారు, బతికారు, చచ్చిపోయారు, దుప్పటి తిరిగి ఉతుక్కొచ్చింది. ఒక అంతస్తు దిగేదాకా ఆమె సంతోషంగా ఉంది. రెండో అంతస్తు దగ్గర సంచి బరువు తెలిసింది.

ఇంటికెళ్ళేసరికి పిట్ట తల దువ్వుకుని బల్ల ముందు కూర్చుని ఉంది. గడియారం వెనక కాగితం లేదు, బల్ల మీద ఉంది. పిట్ట సంతకం చిన్నగా, గీత దాటకుండా ఉంది.

"ఎక్కడికెళ్ళావు? లాండ్రీకి ఫోన్ చేస్తే సెలవన్నారు."

"టీచరమ్మ దగ్గరికి. తప్పు నాదని చెప్పడానికి."

"ఏమంది?"

"నీ చెయ్యి మంచిదంది. మళ్ళీ పని రావడానికి ఆర్నెల్లో ఏడాదో అంది."

"ఊఁ" అంది పిట్ట. "నీ సంతకం బాకీ" అని కాగితం ఇటు తోసింది.

శుక్రవారం భోజనాల వేళ ఆమె సూపర్‌వైజరు బల్ల ముందు కూర్చుంది. పిట్ట కంటే నాలుగేళ్ళు పెద్ద ఉంటాడేమో అతను.

"పెట్టండమ్మా, ఇక్కడ. ఈ రోజుల్లో పర్మనెంటు ఉద్యోగమంటే మాటలా! నాకే లేదు. మీ అమ్మాయి అదృష్టవంతురాలు."

ఆమె పెన్ను తీసుకుంది. ఈ గీత మీద సంతకం లేకపోతే చాలు, కాగితం చెల్లదు. తను టీచరమ్మ దగ్గర ఇస్త్రీకి పోవచ్చు. వచ్చేదాంతో ఎలాగో నెట్టుకురావచ్చు. పిట్ట ఇంకో బట్ట కుట్టుకోవచ్చు. చించేస్తే ఎలా ఉంటుందో అనిపించింది. వేళ్ళు కాగితం అంచు పట్టుకున్నాయి కూడా. అప్పుడు తన వేళ్ళని తనే చూసుకుంది. మొన్న మంచం మీది గుడ్డ మెలిక విప్పినప్పుడూ ఈ వేళ్ళే, ఇలాగే, ఎవర్నీ అడక్కుండా.

"ఒక్క నిమిషం బాబూ" అని వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. లోపల మిషను రొద.

"ఏంటమ్మా?"

"సంతకం పెట్టమంటావా, వద్దంటావా?"

 "నేను పెట్టేశాగా?"

"నువ్వు పెట్టావు. నేను అడుగుతున్నా. ఇంకోటి చెప్పలేదు నీకు. టీచరమ్మ నన్ను ఇస్త్రీకి రమ్మంది. జీతమిస్తానంది. నువ్వు ఆర్నెల్లు ఆగాలనుకుంటే ఆగచ్చు. నేను చూసుకుంటా."

పిట్ట నవ్వింది. మంచి నవ్వు కాదు. "నీ ఇస్త్రీ నచ్చిందా ఆవిడకి?"

"నచ్చింది."

"నచ్చక ఏం చేస్తుందిలే."  తర్వాత గొంతు మారింది. "పెట్టమ్మా. నీ కోసం కాదు. ఎనిమిది నెలలుగా ఈ గదిలో నాతో మాట్లాడింది దారపు కండే. నిద్రలో కూడా కుడుతున్నా. వచ్చే నెల ఏమవుతుందో తెలియకుండా పడుకోవడం ఇంక నా వల్ల కాదు. కొన్నాళ్ళు నాకు నిద్ర కావాలి."

"బాగా ఆలోచించావా?"

"ఆలోచించే టైమిచ్చావుగా, మొన్న." అని ఆగింది. "నువ్వెళ్ళు టీచరమ్మ దగ్గరికి. ఇంట్లో ఒకళ్ళకైనా నచ్చిన పని ఉండాలిగా."

ఆమె లోపలికెళ్ళి సంతకం పెట్టింది. గీత దాటింది.

ఒకటో తారీకు నుంచి పిట్ట అయిదున్నరకి బయల్దేరుతోంది, ఆమె తొమ్మిదింటికి. మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల ఆమెది. రోజుకో రకం బట్ట వస్తుంది. కొన్ని వేడి తాగుతాయి, కొన్ని ఆవిరికే లొంగుతాయి, ఒకటి రెండు మొండికేస్తాయి. వాటిని దారికి తెచ్చి ఇస్తే, పక్క బల్ల వాళ్ళు మళ్ళీ ముడతలు పెట్టడం మొదలెడతారు. మొదటి రోజుల్లో ఆమె చెయ్యి దానంతటదే ఇస్త్రీ పెట్టె వైపు పోయేది. ఇప్పుడు ఆగి చూస్తుంది. యాభై ఎనిమిదేళ్ళకి పొద్దున్నే లేచి ఇవాళ ఏ బట్ట వస్తుందో అనుకోవడం ఆమెకి కొత్త. నచ్చడం అంటే ఇదేనా అని అడగడానికి మనిషి లేదు. అడగాల్సిన మనిషి పొద్దున్నే దుప్పట్ల మధ్యకి పోతోంది.

ఒకసారి నోరు జారింది. "ఇవాళ పట్టులాంటిదొకటి వచ్చిందే, నీళ్ళు చిలకరిస్తే మచ్చపడుతుందట, అందుకని..." పిట్ట "ఊఁ" అంది. చెప్పులు విప్పి వంటింట్లోకెళ్ళిపోయింది. వెళ్తుంటే మణికట్టు మీద ఎర్రటి గీత కనిపించింది. రోలరు మూత తగిలితే పడేది. ఆమెకీ అదే చోట, అదే పొడవున పాత మచ్చ ఉంది. మందు రాస్తానంటే, "రాశారు, అక్కడ మందులకి కరువా" అంది.

ఆ తర్వాత ఆమె ఇంట్లో తన పని ఊసెత్తలేదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక పొడుగక్కకి ఫోన్ చేసింది. పొడుగక్కకి ఈమధ్య వినికిడి బాగా తగ్గింది.

"అక్కా, నా ఇస్త్రీ బావుందన్నారు!"

"ఏంటీ? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు! నా ఇస్త్రీ! బావుందట!"

"ఎవడు బాగాలేదన్నాడు? వాడి మొహం!" అని పొడుగక్క తిట్టడం మొదలెట్టింది. ఖాళీ ఇంట్లో నిలబడి ఆమె ఇంకో రెండుసార్లు అరిచి చెప్పింది. అవతల కోడలు ఫోన్ తీసుకుని, అత్తయ్యకి వినబడదండీ అంది. దుప్పటి ఉంటే కొసలు కలిపినప్పుడు చెవి దగ్గర చెప్పేసేది.

నలభై రోజులయ్యాయి. ఒక సోమవారం ఆమె ఒంటిగంటకి ఇల్లు చేరి తాళం తీసింది. నిన్నటిదాకా అలమర పైన ఉన్న తెల్లగుడ్డ బల్ల మీద ఉంది. నాలుగు మడతల్లో ఒకటి విప్పి ఉంది. దాని మూల నుంచి ఒక కుట్టు వరస బయల్దేరి వేలెడంత దూరం వెళ్ళి ఆగింది. బియ్యపు గింజంత కుట్టు. సూది గుడ్డకే గుచ్చి ఉంది. పొద్దున పిట్ట షిఫ్టుకి వెళ్ళే ముందు కుట్టిందో, ఆదివారం తను బజారుకి వెళ్ళినప్పుడు కుట్టి రాత్రంతా తన గదిలో ఉంచుకుందో తెలియదు. దారం కొస గాలికి కదులుతోంది.

రోజూ రాగానే ఆ బల్ల తుడవడం ఆమె అలవాటు. తడిగుడ్డ తెచ్చుకుంది కూడా. తెచ్చుకుని, మళ్ళీ తీసుకెళ్ళి దండెం మీద వేసింది. అన్నం గట్టు మీద పెట్టుకుని నిలబడే తిన్నది.

మూడున్నరకి పిట్ట వచ్చింది. చెప్పులు విప్పి, బల్ల వైపు చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది.

"బల్ల తుడవలేదా?"

"లేదు."

పిట్ట బల్ల దగ్గరికి వెళ్ళింది. కుర్చీ లాగిన చప్పుడైంది. ఆమె తన గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, మంచం మీద కూర్చుంది. అవతల సూది చప్పుడు వినబడదు. వినబడినట్టే కూర్చుంది.